దూది పోయింది, పేరు మిగిలింది

తెలుగులో 'పింజారీ' ఒక తిట్టు. పనికిమాలినవాడు, లేకిమనిషి, లెక్కలోకి రానివాడు అని దానికి వాడుకలో ఉన్న అర్థం. సినిమాలో విలన్ అంటాడు, సభలో నాయకుడంటాడు, రచ్చబండ మీద పెద్దమనిషి అంటాడు. అనేవాళ్ళలో చాలామందికి అది ఒక కులం పేరని తెలియదు. కొందరు తెలిసే అంటారు. పింజ అంటే పత్తిలోని పోగు. ఆ పోగుల్ని విడదీసి మెత్తటి దూది చేసేవాడు పింజారీ. గింజ తీసిన పత్తికీ రాట్నానికీ నడుమ నిలబడి, ఈ దేశం ఒంటిమీదికి నూలుబట్ట రావడానికి చెయ్యి వేసినవాడి పేరు తిట్టయింది. ఆ బట్ట కట్టుకున్నవాళ్ళే ఆ తిట్టు తిట్టారు.

మాకు ఇంకా పేర్లున్నాయి. దూదేకుల అనే పేరుకు అర్థం వేరే చెప్పనక్కరలేదు. లద్దాఫ్ అనేది అరబ్బీ 'నద్దాఫ్'కు నోటివాడుకలో వచ్చిన రూపం. దాని అర్థం కూడా దూదేకేవాడనే. నూర్‌బాషా అనేది పారశీ 'నూర్‌బాఫ్' నుంచి వచ్చిందని మా పెద్దలు చెబుతారు, అంటే నేతగాడు. సయ్యద్ అన్నా, మొఘల్ అన్నా, పఠాన్ అన్నా ఒక వంశాన్నో, ఎక్కడి నుంచి వచ్చామన్న సంగతినో చెప్పుకోవడం. మా నాలుగు పేర్లూ వంశం చెప్పవు, పని చెబుతాయి. తాతముత్తాతలు ఏ దేశం నుంచి గుర్రమెక్కి వచ్చారో చెప్పుకునే ఘనత మాకు లేదు. మేం పత్తిచేల పక్కన పుట్టినవాళ్ళం.

మరి ఆ పని ఏమైంది? పత్తిపోగు నుంచి రాట్నానికి, రాట్నం నుంచి మిల్లుకు, మిల్లు నుంచి పెట్రోలియంతో చేసిన పోగుకు ఈ దేశపు బట్ట నడిచిన దారిలో మేం ఎక్కడ ఉన్నాం, ఎక్కడ తప్పిపోయాం? బట్టల చరిత్రలో రైతు ఉన్నాడు, వడికే స్త్రీ ఉంది, నేతగాడున్నాడు, అద్దకంవాడున్నాడు, వర్తకుడున్నాడు. ఏకేవాడు మాత్రం చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరి. ఆ ఒక్క వాక్యాన్ని కొంచెం విప్పి చూడాలనే ఈ వ్యాసం.

విల్లు పని

పొలం నుంచి ఇంటికొచ్చేది గింజతో ఉన్న పత్తి. దాన్ని రెండు రోలర్ల మధ్య నలిపి గింజ తీస్తారు. గింజ తీశాక కూడా పత్తి ముద్దలు ముద్దలుగానే ఉంటుంది. ఆకు పొట్టు, మట్టి, గింజ తునకలు అందులో ఇరుక్కుని ఉంటాయి. దాన్ని అట్లాగే రాట్నానికి పెడితే నూలు సమంగా రాదు, మాటిమాటికీ తెగుతుంది.

కారణం పత్తిపోగు స్వభావంలోనే ఉంది. అది గింజ మీద మొలిచే సన్నటి వెంట్రుక. పచ్చిగా ఉన్నప్పుడు లోపల గొట్టంలాగా ఉంటుంది. కాయ పగిలి ఎండిన తర్వాత ఆ గొట్టం చదునై, రిబ్బను మెలేసినట్టు మెలికలు తిరుగుతుంది. ఆ మెలికల వల్లనే పోగు పోగును పట్టుకుని నూలవుతుంది. ఆ మెలికల వల్లనే చిక్కుపడి ముద్ద కూడా కడుతుంది. పైగా మన నల్లరేగళ్ళలో తరతరాలుగా పండిన దేశవాళీ పత్తి పొట్టి పింజది. పోగు పొడవు అంగుళం లోపే. పొట్టిపోగును తెగకుండా సన్నటి నూలు తీయాలంటే ముందు దాన్ని ఎంత శ్రద్ధగా విప్పితే అంత మంచిది.

ఆ విప్పేది విల్లు. మనిషి ఎత్తు ఉండే చెక్క విల్లు, దానికి జంతువు పేగుతో చేసిన నరం. విల్లును కప్పు నుంచి తాడుతో వేలాడదీసి, నరం పత్తిని తాకేలా పట్టుకుని, చెక్క గూటంతో నరాన్ని కొడతారు. కంపించే నరం పత్తిని పట్టి విదిలిస్తుంది. బరువైన మట్టీ తునకలూ కిందికి రాలతాయి. పోగులు ఒకదాన్నొకటి వదిలి, గాలి నింపుకుని పొంగుతాయి. దోసెడు పత్తి గంపెడు దూది అవుతుంది. ఆ దూదిని సన్నటి పుల్లకు చుట్టి పుల్ల లాగేస్తే ఏకు. ఏకు ఎగుడుదిగుడుగా ఉంటే నూలూ అట్లాగే వస్తుంది. ఎంత నేర్పున్న చెయ్యి వడికినా మంచి ఏకు లేకపోతే మంచి నూలు లేదు.

ఈ పని మాది. నరం ఎంత బిగించాలో, పత్తి ఎంత దూరంలో ఉండాలో, తేమ ఉన్న రోజు ఎట్లా కొట్టాలో కొలబద్దతో నేర్చుకున్నది కాదు, చెవితో నేర్చుకున్నది. నరం మోగిన తీరును బట్టి పత్తి ఎట్లా విడుతున్నదో మావాళ్ళకు తెలిసేది.

రాట్నం వెనక

రాట్నం ఈ దేశంలో అనాదిగా ఉందని చాలామంది అనుకుంటారు. చరిత్ర అట్లా చెప్పడం లేదు. 1350లో ఇసామీ అనే కవి బహ్మనీ రాజ్యం తొలి సుల్తాను నీడలో 'ఫుతూహుస్సలాతీన్' అనే పారశీ చరిత్రకావ్యం రాశాడు. అందులో ఢిల్లీని ఏలిన రజియా సుల్తానాను తప్పుపడుతూ, ఆడదానికి తగిన చోటు సింహాసనం కాదు, రాట్నం ముందు అన్నాడు. ఆడవాళ్ళను కించపరిచే మాటే. కాని ఆ మాటలో ఒక సాక్ష్యం దాగి ఉంది. అప్పటికే రాట్నం జనానికి తెలిసిన వస్తువని దాన్ని బట్టి తేలుతుంది. మన దేశంలో రాట్నానికి దొరికే తొలి స్పష్టమైన ఆధారాల్లో ఒకటిగా చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ దీన్ని చూపించారు. అంతకుముందు వడికేది కదురుతో, చేత్తో తిప్పి. రాట్నం వచ్చాక ఒక మనిషి వడికే నూలు ఎన్నో రెట్లు పెరిగింది.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వడకడం ఎన్నో రెట్లు పెరిగితే ఏకులు కూడా అన్ని రెట్లు కావాలి గదా! దక్కనులో రాట్నం తిరిగిన ప్రతి ఇంటి వెనకా ఎక్కడో ఒక విల్లు మోగుతూ ఉండాలి. రాట్నం తిప్పిన స్త్రీ గురించి, తిట్టడానికైనా సరే, కవి ఒక మాట అన్నాడు. విల్లు కొట్టినవాణ్ణి ఆ పాటి కూడా తలుచుకోలేదు.

చేత్తో పోగును సాధించిన నేర్పు ఎంత దూరం వెళ్ళిందో చెప్పడానికి రెండు ఊళ్ళు చాలు. ఒకటి తూర్పు బెంగాల్ ఢాకా. అక్కడ 'ఫూటీ కర్పాస్' అనే పత్తితో నేసిన మస్లిన్ మొఘల్ దర్బారుకు, యూరప్ రాజభవనాలకు వెళ్ళింది. ఆ పత్తిని మొదట దువ్వేది బోయల్ చేప దవడతో. దాని సన్నటి పళ్ళు దువ్వెనగా పనికొచ్చేవి. ఆ తర్వాత చిన్న విల్లుతో ఏకేవారు. రెండోది మన శ్రీకాకుళం జిల్లా పొందూరు. అక్కడి ఖాదీకి పత్తి దువ్వేది వాలుగ చేప దవడతో. బెంగాలీలు బోయల్ అనేదీ మనం వాలుగ అనేదీ ఒకే చేప. ఢాకా మస్లిన్ కంపెనీ పాలనలో చితికిపోయింది. పొందూరు మిగిలింది. ఇంత దూరాన ఉన్న ఈ రెండు ఊళ్ళను ఒక చేప పళ్ళూ ఒక విల్లూ కలుపుతున్నాయి. ఢాకా చుట్టుపక్కల హిందువులూ ముస్లింలూ కలిసి చేసిన పని అది. పొందూరులో వడికేది పట్టుశాలి స్త్రీలు. పోగుకు మతం లేదని మేం అనడం లేదు. పోగు చుట్టూ ఉన్న పనికి మతాలు చాలా ఉన్నాయని అంటున్నాం.

ఏకేవాడు ఆలోచించినవాడు కూడా. క్రీ.శ. 922లో బాగ్దాదులో ఉరికంబం ఎక్కిన సూఫీ మన్సూర్‌కు హల్లాజ్ అని పేరు. హల్లాజ్ అంటే పత్తి గింజ తీసి దూదేకేవాడు. ఉత్తరాదిన దూదేకేవాళ్ళు తమను మన్సూరీలని పిలుచుకోవడం ఆయన పేరు మీదనే. అహ్మదాబాదు ప్రాంతం నుంచి వచ్చిన సంత్ దాదూ దయాళ్ దూదేకుల ఇంటివాడని సంప్రదాయం చెబుతుంది. మన దగ్గర కడప జిల్లా ముడుమాలకు చెందిన సిద్ధయ్య దూదేకుల బిడ్డ. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో ఆయనదే మొదటి చోటు, ముడుమాలలో ఆయన మఠం ఉంది. సిద్ధయ్య మఠానికి దండం పెట్టిన నోరే బయటికొచ్చి పింజారీ అని తిట్టడం ఈ నేల మీద వింత కాదు.

యంత్రం, జెండా

మొదటి దెబ్బ కొట్టింది కృత్రిమ పోగు కాదు, ఇనుము. ఇంగ్లండులో లూయీ పాల్ 1748లో పత్తి ఏకే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1775లో ఆర్క్‌రైట్ దాన్ని ఫ్యాక్టరీకి పనికొచ్చేలా దిద్దాడు. 1793లో అమెరికాలో విట్నీ గింజ తీసే యంత్రం చేశాడు. దానితో బానిసల చేత పండించే పత్తి తోటలు విపరీతంగా పెరిగాయి. నల్లవాళ్ళ వీపుల మీద పండిన పత్తి, మాంచెస్టరు యంత్రాల్లో నూలై, బట్టై మన సంతలకు వచ్చింది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు, ఇంగ్లండు మిల్లులు మన పత్తి మీద పడ్డాయి. రేవులకు పత్తి బేళ్ళు కదిలాయి. మద్రాసు వ్యాపారంలో మన పత్తికి ఇంగ్లీషు పేర్లు పెట్టారు. గుంటూరు, కృష్ణా సీమల నుంచి కాకినాడ రేవుకు వెళ్ళే కొంచెం ఎర్రటి పత్తి 'కోకనాడా', నంద్యాల వైపుది 'నార్తర్న్స్', బళ్ళారి, అనంతపురాలది 'వెస్టర్న్స్'. పత్తికి ఊరి పేరు దక్కింది. ఆ పత్తిని ఏకినవాడికి మాత్రం ఎవరి ఖాతాలోనూ పేరు పడలేదు.

తర్వాత జిన్నింగు మిల్లులు వచ్చాయి, నూలు మిల్లులు వచ్చాయి. హైదరాబాదు సంస్థానంలో 1934లో వరంగల్ ఆజంజాహీ మిల్లు వచ్చింది. ఏ నూలు మిల్లయినా సరే, దాని లోపల బ్లో రూము ఉంటుంది, కార్డింగు సెక్షను ఉంటుంది. మా ఊరి దూదేకులవాళ్ళంతా ఏడాది పొడుగునా చేసే పని ఆ రెండు గదులు రోజుల్లో చేసి పడేస్తాయి. నేతగాడికి మిల్లు నూలు కొనుక్కుని మగ్గం ఆడించే దారి ఒకటి మిగిలింది. ఏకేవాడికి ఆ దారి కూడా లేదు. మిల్లు నూలు మీద మగ్గం నడవగలదు గాని, మిల్లు నూలు వచ్చిన తర్వాత ఏకుతో పని ఏముంది?

అప్పుడే గాంధీ రాట్నం ఎత్తుకున్నాడు. ఆయన ఆత్మకథలో ఆ కథ ఉంది. గంగాబెన్ అనే ఆమె బరోడా సంస్థానంలోని విజాపూర్లో అటకెక్కిన రాట్నాల్ని వెతికి తీసింది. రాట్నాలు దొరికాయి గాని ఏకులు లేవు. బొంబాయి మిల్లు యజమాని ఉమర్ సోబానీ తన మిల్లు నుంచి ఏకులు పంపాడు. మిల్లు ఏకులతో చేత్తో వడకడం గాంధీకి నచ్చలేదు. దూదేకేవాణ్ణి వెతకమని గంగాబెన్‌ను అడిగాడు. ఒకతను దొరికాడు. నెలకు 35 రూపాయలకు తక్కువ రానన్నాడు. ఎంతైనా ఎక్కువ కాదనుకుని గాంధీ ఒప్పుకున్నాడు. మిల్లు యజమాని పేరు ఆ పుస్తకంలో ఉంది. ఆ దూదేకేవాడి పేరు లేదు. ఖాదీ ఉద్యమం అతని విల్లు దగ్గర మొదలైంది, అయినా అతను పేరు లేని మనిషిగానే మిగిలాడు.

1921లో బెజవాడలో కాంగ్రెసు కమిటీ కూర్చుని మూడు లక్ష్యాలు పెట్టుకుంది. కోటి మంది సభ్యులు, తిలక్ నిధికి కోటి రూపాయలు, 20 లక్షల రాట్నాలు. 20 లక్షల రాట్నాలు తిరగాలంటే ఎన్ని విల్లులు మోగాలి? ఆ లెక్క ఆ లక్ష్యాల్లో లేదు. రాట్నం జెండా మీదికి ఎక్కింది. దేశభక్తికి గుర్తయింది. విల్లు వసారాలోనే వేలాడుతూ ఉండిపోయింది. రాట్నం తిప్పితే త్యాగం, విల్లు కొడితే కూలి. కులం ఉన్న దేశంలో పనిముట్లకు కూడా కులం ఉంటుందని ఇంతకన్నా రుజువేం కావాలి?

పరుపుతో బతికిన రోజులు

నూలు పోయాక మాకు మిగిలింది పరుపు. ఊళ్ళో పెళ్ళయితే పరుపు మేం కుట్టాలి, బిడ్డ పుడితే చిన్న బొంత, దిండు మేం కుట్టాలి. ఏ కులం ఇల్లయినా సరే, వాళ్ళు పడుకునేది మేం ఏకిన దూది మీదనే. విల్లు భుజాన వేసుకుని, నరం మోగించుకుంటూ వీధి వెంట వెళితే ఇల్లాళ్ళు పిలిచేవారు. "సాయిబూ, పరుపు గట్టిపడింది, ఏకిపెడతావా?" అనేవారు.

పరుపు ఎందుకు గట్టిపడుతుంది? పత్తి తేమ పీల్చుకుంటుంది. మామూలు గాలిలో దాని బరువులో ఎనిమిది శాతం దాకా తేమే ఉంటుంది. మనిషి చెమటా బరువూ కలిసి పోగుల్ని అణచి ముద్ద కట్టిస్తాయి. కాని ఆ పోగులు చచ్చిపోవు. విప్పి, ఎండబెట్టి, ఏకితే మళ్ళీ పొంగుతాయి. ఒకే దూదిని ఎన్నో ఏళ్ళు తిరిగి తిరిగి ఏకి వాడుకోవచ్చు. పత్తి ముసలిదయ్యే పోగు, మళ్ళీ వయసు తెచ్చుకునే పోగు కూడా. ఆ వయసు తెచ్చే పనే మా కూడు. ఏడాదికోసారి ప్రతి ఇంటి గడపా మాకు తెరుచుకునేది దీనివల్లనే.

ఏకై వచ్చి మేకైంది

ఏకై వచ్చి మేకై కూర్చుందని తెలుగులో సామెత. మెత్తటి ఏకులాగా వచ్చినది గుచ్చుకునే మేకుగా మారడం. మా పని నుంచి పుట్టిన ఆ సామెత చివరికి మా పని మీదనే నిజమైంది.

1889లో పారిస్ ప్రదర్శనలో షార్డొనే అనే ఫ్రెంచివాడు మనిషి చేసిన పట్టు చూపించాడు. 1892లో ఇంగ్లండులో క్రాస్, బెవన్, బీడిల్ కలిసి విస్కోజ్ పద్ధతి కనిపెట్టారు. కలపగుజ్జును కరిగించి సన్నటి రంధ్రాల గుండా పోగుగా లాగడం. అదే రేయాన్. దీనికి ముడిసరుకు చెట్టే కనుక ఇది సగం ప్రకృతి, సగం ఫ్యాక్టరీ. రేయాన్ మా మతం వాళ్ళ బట్టల్లోకి కూడా వచ్చింది. ఇస్లాంలో మగవాళ్ళకు అచ్చ పట్టు కూడదు. అందుకని పైకి పట్టు, ఒంటికి తగిలే వైపు నూలు వచ్చేలా నేసిన బట్టకు మష్రూ అని పేరు, అంటే షరీఅతు ఒప్పినది. గుజరాతులోనూ దక్కనులోనూ నేసేవారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ మష్రూలో పట్టు చోటికి రేయాన్ వచ్చేసింది. నిజాం పాలన చివరి రోజుల్లో సిర్పూర్ కాగజ్‌నగర్లో సర్‌సిల్క్ కర్మాగారం మొదలై కృత్రిమ పట్టు తయారు చేసింది. 1980లలో అదీ మూతపడింది. కొత్త పోగుకు కూడా ఆయువు గట్టిదేం కాదు.

చెట్టుతో సంబంధం తెంపుకున్న పోగు నైలాన్. 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ దాన్ని లోకానికి చూపింది. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పాలియెస్టర్ పోగు తీశారు. వాళ్ళు పనిచేసింది మాంచెస్టరులో కాలికో అద్దకంవాళ్ళ సంస్థకు. కాలికో అంటే కాలికట్ నుంచి వెళ్ళిన నూలుబట్ట. మన నూలుబట్ట పేరు పెట్టుకున్న చోటనే నూలును తోసేసే పోగు పుట్టింది. దానికి ముడిసరుకు పెట్రోలియం. 1960లలో అది టెరీన్ పేరుతో మన దేశంలో తయారవడం మొదలైంది. టెర్లిన్ చొక్కా, టెరికాటన్ ప్యాంటు పెళ్ళికొడుకు లాంఛనాలయ్యాయి. మొదట అది డబ్బున్నవాళ్ళ బట్ట, ప్రభుత్వం దానిమీద భారీగా సుంకం వేసేది. 1982లో రిలయన్స్ పాతాళగంగ ఫ్యాక్టరీలో పాలియెస్టర్ నూలు మొదలైంది. 1985 జూన్‌లో వచ్చిన జౌళి విధానం పత్తికీ కృత్రిమ పోగుకూ మధ్య గోడ తీసేసింది. మిల్లు ఏ పోగైనా వాడుకోవచ్చు, కృత్రిమ పోగు మీద పన్నులు తగ్గిస్తామంది. అదే ఏడాది కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ చట్టం వచ్చింది. అమలు సంగతి ఎట్లా ఉన్నా, నేతగాడి గురించి ఢిల్లీ కనీసం కాగితం మీద ఆలోచించింది. ఏకేవాడి కోసం అంతపాటి కాగితం కూడా లేదు.

పాలియెస్టర్ నూలు భివండీలో, మాలేగాఁవ్‌లో, సిరిసిల్లలో మరమగ్గాల మీదికి ఎక్కింది. మాలేగాఁవ్‌లో అన్సారీలు, సిరిసిల్లలో పద్మశాలీలు, భివండీలో ఇద్దరూ. వాళ్ళకూ అది కలిసిరాలేదు. 1990ల చివరి నుంచి సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలు పత్రికల్లో చదివాం. పత్తి పట్టుకున్న రైతూ బాగుపడలేదు. 1997–98లో వరంగల్ పత్తిరైతుల చావులు చూశాం. అందుచేత పత్తి మంచిది, పాలియెస్టర్ చెడ్డదని మేం తేలిగ్గా అనలేం. పోగు ఏదైనా లాభం ఒక చోటికీ నష్టం ఒక చోటికీ పోతున్నది. రెండుజతల బట్టలతో ఏడాది వెళ్ళదీసే పేదవాడికి చిరగని, త్వరగా ఆరే చొక్కా దొరకడం చిన్న సంగతి కాదు. మా ఇళ్ళల్లో కూడా పండక్కి కొన్నది టెరికాటనే.

మా పరుపును కొట్టింది ఫోము. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ కనిపెట్టిన పాలియురేథేన్ నుంచి వచ్చిన సరుకది. దాని వెంట పాలియెస్టర్ ఫైబర్ దిండ్లు వచ్చాయి. పత్తి తన బరువులో ఎనిమిది శాతం తేమ పట్టుకుంటే పాలియెస్టర్ పట్టుకునేది అర శాతం కూడా లేదు. ఏడాదికోసారి ఏకించే పని లేదు, అణిగితే పారేసి కొత్తది కొనడమే. ఏకితే బతికే గుణం దానికి లేదు. ఆ పోగుతో మా తిండి ఒక్కటే పోలేదు, ఆ ఇంటి గడపతో మా సంబంధం కూడా పోయింది. మాలో కొందరు కరెంటుతో ఏకే మిషన్లు పెట్టుకుని పట్టణాల్లో బజారు పక్కన నిలబడ్డారు. ఎక్కువమంది కూలికి, సైకిలు మీద చిల్లర సరుకులకు, కాఫీ హోటళ్ళకు, మేస్త్రీ పనికి పోయారు. ఈనాడు లోకంలో తయారయ్యే పోగులో సగానికి పైగా పాలియెస్టరే, పత్తి వాటా ఐదో వంతుకు అటూ ఇటూ.

విల్లు పోయినందుకు మేం పాటలు కట్టి ఏడవడం లేదు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బుకు బిస్సినోసిస్ అని పేరుంది. ఫ్యాక్టరీల చట్టం దాన్ని తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో పెట్టింది. కాని వసారాలో ఏకేవాడు ఫ్యాక్టరీ కిందికి రాడు కనుక అతని దగ్గు ఏ జాబితాలోకీ రాలేదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కనురెప్పల మీద తెల్లగా దూది పేరుకుని, నలభై ఏళ్ళకే ముసలివాళ్ళయిన మావాళ్ళను మేం ఎరుగుదుం. ఆ విల్లు మా పిల్లలు పట్టాలని ఏ తల్లీ కోరదు. మేమడిగేది ఒకటే. పని పోయిన తర్వాత ఆ మనుషులకు ఏమిచ్చారు?

ఇటూ అటూ కాని జాబితా

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద రాసిన సంపుటాల్లో దూదేకుల గురించి రాశాడు. వృత్తి పత్తి శుభ్రం చేయడం, మతం ఇస్లాం, ఆచారాల్లో చాలావరకు చుట్టుపక్కల హిందువుల తీరు. అప్పటి నుంచి మమ్మల్ని చూసే చూపు మారలేదు. మా అమ్మభాష తెలుగు. నిఖా ఖాజీ చదువుతాడు, చాలా ఊళ్ళలో పుస్తె కూడా కడతాం. మా ఇళ్ళల్లో హుస్సేనమ్మలున్నారు, మస్తానయ్యలున్నారు. ఉర్దూ రాదని సాటి ముస్లింలు మమ్మల్ని కొంచెం తక్కువ ముస్లింలుగా చూశారు, పిల్లనివ్వడానికి వెనకాడారు. హిందువులు సాయిబు అని పిలిచి వసారా దాటనివ్వలేదు. పీర్ల పండగనాడు మాత్రం అందరికీ మేం కావాలి.

ప్రభుత్వం దృష్టిలో మేమెవరం? 1970లో ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారీ, నూర్‌బాషా అని బి గ్రూపులో చేర్చారు. చేర్చింది వృత్తిని చూసి. 2007లో ముస్లింలలోని వెనుకబడిన 14 వర్గాలకు ఇ గ్రూపు కింద 4 శాతం ఇచ్చారు. మేం ముందే బి గ్రూపులో ఉన్నాం కనుక అందులో లేం. రెండూ న్యాయమైనవే. రెండింటి కోసం పోరాడినవాళ్ళకు మా సలాం. కాని వాటి మధ్యలో మమ్మల్ని నిలబెట్టి వేసే ప్రశ్నలు చూడండి. ముస్లింలయితే బి గ్రూపులో ఎందుకున్నారని ఒకరు, బి గ్రూపులో ఉన్నారు గనుక అసలు ముస్లింలేనా అని ఒకరు. దూది ఏకడం లేదు గదా, ఇంకా దూదేకుల సర్టిఫికెట్టెందుకని కార్యాలయం గుమ్మంలో వినవలసి వస్తుంది.

ఈ మూడో ప్రశ్నకు జవాబు ఈ వ్యాసం అంతా. వృత్తి ఉన్నప్పుడు మేం వెనకబడి ఉన్నాం. వృత్తి పోయాక ఇంకా వెనకబడ్డాం. చేతిలో ఉన్న నేర్పుకు గిరాకీ పోయింది, భూమి లేదు, చదువు లేదు, తిట్టు మాత్రం పోలేదు. పాలియెస్టర్ వచ్చి పత్తిపోగు స్థానాన్ని తీసుకుంది గాని కులం స్థానాన్ని తీసుకోలేదు. పెట్రోలియం పోగు వేసుకున్నవాడు కూడా పింజారీ అనే తిడుతున్నాడు. వృత్తి మీద వచ్చిన అవమానం వృత్తితో పోనప్పుడు, వృత్తి మీద వచ్చిన హక్కు మాత్రం ఎందుకు పోవాలి?

ఇక సాటి ముస్లింలకు ఒక మాట. అస్తిత్వం అంటే అరబ్బు రక్తం ఎంత ఉందో కొలుచుకోవడం కాదు. ఈ దేశంలో ముస్లింలలో ఎక్కువమంది ఏకినవాళ్ళు, నేసినవాళ్ళు, అద్దినవాళ్ళు, కోసినవాళ్ళు, తోలు పనిచేసినవాళ్ళు. దూదేకులను కొంచెం తక్కువ ముస్లింలని కొలిచినప్పుడల్లా మనం మన చరిత్రలో పెద్ద భాగాన్ని తీసి నవాబుల చేతిలో పెడుతున్నాం. కోటలూ మసీదులూ మన వారసత్వమైతే, పేగునరం కట్టిన విల్లు కూడా మన వారసత్వమే.

సెక్యులర్ మిత్రులకు మరో మాట. హిందూ ముస్లిం కలిసిమెలిసి ఉండడానికి ఉదాహరణగా మా పీర్లనూ మా పేర్లనూ మీరు తరచు చూపిస్తారు. సంతోషమే. కాని మేం ఉదాహరణ మాత్రమే కాదు. మాకూ ఒక పని చరిత్ర ఉంది, ఒక నష్టం ఉంది. పాఠ్యపుస్తకంలో పత్తి నుంచి బట్ట దాకా చెప్పే పాఠంలో రాట్నం బొమ్మ పక్కన విల్లు బొమ్మ కూడా వెయ్యండి. దాన్ని పట్టుకున్నవాడి పేరు రాయండి. మ్యూజియంలో మగ్గం పెట్టిన గదిలో ఒక విల్లుకు చోటివ్వండి. రచయితలు, సినిమావాళ్ళు, నాయకులు పింజారీ అనే తిట్టును మానండి. ఇతర కులాల పేర్లను తిట్లుగా వాడితే ఆయా కులాలు తిరగబడ్డాక మీరు మానుకున్నారు. మేం తక్కువమందిమి గనుక, చెదిరి ఉన్నాం గనుక ఇంకా మానలేదు.

మా పిల్లలు ఇప్పుడు చదువుకుంటున్నారు. వాళ్ళలో చాలామంది విల్లును చూసి ఉండరు, చూడనక్కరలేదు. కాని సర్టిఫికెట్టులో కులం గడి ముందు వాళ్ళ పెన్ను ఆగకూడదు. ఆ గడిలో రాసే మాటకు అర్థం ఏమిటని ఎవరైనా అడిగితే తల దించుకోకుండా చెప్పగలగాలి: ఈ దేశానికి బట్ట కట్టిన పనుల్లో ఒకటి మా తాతలు చేశారు, ఇది ఆ పని పేరు.